గాలయ్య మునక

కొల్లాపూర్ దిక్కు ఊళ్లలో బావిలో ఏది పడ్డా కబురు గాలయ్యకే. బిందె పడ్డా, మేక పడ్డా, ఖర్మ కాలి మనిషి పడ్డా సరే. నడుముకు మోకు కట్టుకుని, గుండ్రాయి ఒడిసి పట్టుకుని బుడుంగున మునిగేవాడు. పైన మోకు పట్టేది మాత్రం భార్య తమ్ముడే. అక్క పుస్తెలు తెగనివ్వడని నమ్మకం, అదీ ఆనవాయితీ. సైదమ్మ తమ్ముడు ఐలేశం తప్ప ఆ మోకును వేరొకడు ముట్టి ఎరగడు.

"బావా, మా అక్కను తిట్టినవంట గదా, ఇడిసిపెట్టాల్నా?" అని పైనుంచి అరిచేవాడు ఐలేశం. గాలయ్య నీళ్లలోంచే బూతులు లంకించుకునేవాడు.

ఐలేశం నిజాం మీద పోరాడే సంఘంలో కలిశాడు. దళం తుపాకులు మోటబావిలో దాచింది ఆ బావాబామ్మర్దులే. పోలీసు చర్యకు ముందటి ఎండాకాలం రజాకార్లు ఊరి మీద పడ్డారు. గడ్డివాములు తగలబెట్టారు. మగవాళ్లను బోర్లా పడేసి వీపులు చీరేశారు. ఎవడో తాళలేక బావి పేరూ, ఐలేశం పేరూ చెప్పేశాడు. వాణ్ణి ఏమనగలం? ఆ దెబ్బలు మనం తినలేదు.

రజాకార్ల జమాదారు ఐలేశం చేతులు వెనక్కి విరిచి కట్టించాడు. పళ్లు రాలగొట్టి, సైదమ్మ కళ్లెదుటే బావిలోకి తోయించాడు.

"తుపాకులు తే. గప్పుడు వాణ్ణి తెచ్చుకో," అన్నాడు గాలయ్యతో. పారిపోతాడేమోనని మోకు కొస తన మణికట్టుకే చుట్టుకున్నాడు. మోకు పట్టడం తెలిసిన ఏ మనిషీ ఆ పని చెయ్యడు.

గాలయ్య మునిగాడు. అడుగున ఐలేశం ఇంకా కాళ్లు తన్నుకుంటున్నాడు. జుట్టు చేతికి చిక్కింది. పైకి లాగితే చాలు. కానీ తలెత్తితే మోకు బిర్రుగా కనిపించింది, దాని కొసన ఆ కుక్క. ఒళ్లు మండిపోయింది. జుట్టు వదిలేసి, కాళ్లు రాతికట్టుకు తన్ని, రెండు చేతులా మోకు గుంజాడు.

జమాదారు తలకిందులుగా వచ్చి మెట్లకు కొట్టుకుని నీళ్లలో పడ్డాడు. గాలయ్య వాడి గొంతు పట్టాడు. వాడు గీరాడు, వేలు ఊడేలా కొరికాడు. నీళ్లు ఎర్రబడ్డాయి. వాడు కళ్లు తేలేశాక కూడా గాలయ్య పిసుకుతూనే ఉన్నాడు. పైన జనం రెచ్చిపోయి, వాడి వెంట బావి దగ్గరికి వచ్చిన ఇద్దరు రజాకార్లనూ బండరాళ్లతో మోది చంపారు.

ఊపిరి పీల్చుకుని గాలయ్య మళ్లీ మునిగి ఐలేశాన్ని తెచ్చాడు. పొట్ట ఒత్తితే నీళ్లు వచ్చాయి, ప్రాణం రాలేదు.

"జమాదారును సంపినోడు మన గాలయ్య!" అని జనం అరిచారు. సైదమ్మ తమ్ముడి చేతుల కట్లు విప్పుతూ మొగుడి వైపు చూసింది.

"నీ చేతికి ముందుగాల అందింది ఎవ్వలు?"

"బామ్మర్దే."

"గప్పటికి పాణమున్నదా?"

"ఉన్నది."

తర్వాత మిలిటరీ వచ్చింది, రజాకార్లు పోయారు. ఊరు గాలయ్య మెడలో దండ వేసింది. సైదమ్మ అప్పటికే పుట్టింటికి వెళ్లిపోయింది, తమ్ముడు లేని ఇంటికి.