మునెమ్మ ఉలవలు, మా తెల్లగీత

2022 చలికాలం. హోసూరు నుంచి రాయకోటకు పోయే రోడ్డు మీద గీతలు వేసే పనికి నేను సూపర్‌వైజర్‌ని. మేము వేసేది థర్మోప్లాస్టిక్, అంటే కాచి కరిగించి పోసే రంగు. అది ఆరకముందే పైన గ్లాస్ బీడ్స్ చల్లుతాం. ఇసుకంత సన్నని గాజుపూసలవి. హెడ్‌లైట్ వెలుగు వాటి మీద పడి తిరిగి డ్రైవరు కంటికే వస్తుంది. మంచు కమ్మినప్పుడు ఆ అంచుగీతే డ్రైవరుకు దిక్కు.

ఒక మలుపులో గీత వేసి వారం కాలేదు, పక్క పొలం మునెమ్మ దాని మీద ఉలవ చెట్లు పరిచేసింది. బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజలు రాలతాయని ఆ పల్లెల్లో అందరూ చేసే పనే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

"అవ్వా, గీత మీద నుంచి తీసెయ్. మంచులో బండ్లకు దోవ కనిపించదు."

"మా అత్త కాలం నుంచీ ఈడనే పరస్తా ఉండాం. నిన్నగాక మొన్న వచ్చిన గీతకు ఇంత రోషమా అప్పా?" అని నవ్వి, ఉడకబెట్టిన చెనక్కాయలు నా దోసిట్లో పోసింది. తిన్న నోటితో ఇంకేం పోట్లాడతాను!

మరునాడు తెల్లవారుజామున ఆమె కొడుకు వెంకటేశు టమాటాలు వేసుకుని రాయకోట మార్కెట్టుకు పోతుంటే నేనూ టెంపో ఎక్కాను. ఎదుట ఏమీ కనిపించని మంచు. వెంకటేశు ఎడమ గీతనే చూస్తూ నడుపుతున్నాడు. మలుపు దగ్గర గీత ఉన్నట్టుండి మాయమైంది. బ్రేకు తొక్కేసరికే ముందు చక్రం రోడ్డు దిగింది. పక్కనే వాళ్ళ బావి. దాని గట్టుకు మూరెడు దూరంలో బండి ఆగింది.

ఉలవలు తిరగేయడానికి వచ్చిన మునెమ్మ పరుగెత్తుకొచ్చింది. "కళ్ళు యాడ పెట్టుకుని తోలినావురా పాపిష్టోడా!" అని తిడుతూనే కొడుకు మొహం, చేతులు తడిమింది.

"యాడ కనిపిస్తుందమ్మా? గీతను నువ్వే కప్పి పెట్టినావు కదా!"

మునెమ్మ ఉలవ చెట్లను వాటేసుకుని మోపులు మోపులుగా పొలంలోకి విసిరేసింది. రోడ్డు మీద కూర్చుని గీత మీది దుమ్మును కొంగుతో తుడిచింది. అది చూసి నా కోపమంతా పోయి ఏడుపొచ్చింది.

గీత వేసి, కొలత రాసిస్తే పని అయిపోయిందనుకుంటాం. ఆ గీత మీద ఎవరి ప్రాణం నడుస్తుందో పక్కనున్నవాళ్ళకు తెలిస్తేనే అది నిలుస్తుంది.

మరుసటి చలికాలం ఒక సాయంత్రం అటు పోయాను. మునెమ్మ మలుపులో చీపురుతో గీత ఊడుస్తోంది.

"పొద్దుపోయింది, ఇంటికి పోరాదా అవ్వా?"

"వాడింకా రాలేదప్పా" అంది.