నల్ల రిబ్బను పువ్వు

1798 నాటి ఆ చలికాలం మా మాసచూసెట్స్ ఊళ్ళో మెహిటబెల్‌కి ఒకటే దిగులు. జైల్లో ఉన్న మొగుడు ప్రాణాలతో ఇంటికి రావాలి. పీపాలు చేసుకునే ఆసహెల్, ఊరి నడిబొడ్డున నిరసనగా స్వేచ్ఛాస్తంభమని ఓ పొడుగాటి కొయ్య పాతి, అధ్యక్షుణ్ణి తిడితే జైలనే చట్టం మాకొద్దని రాసి దానికి పలక కొట్టాడు. ఆ చట్టం కిందే పట్టుకుపోయారు. ఏం చోద్యమో! స్తంభం ఎత్తిన రిపబ్లికన్లు, అధ్యక్షుడికి ఎదురు పార్టీవాళ్ళు, బోలెడుమంది, దొరికింది అతనొక్కడే.

మేజిస్ట్రేటు ఆమె సొంత అన్న ఎలిఫలెట్. అధ్యక్షుడి పార్టీవాడు, కరడుగట్టిన ఫెడరలిస్టు.

"మాటకీ పత్రికకీ అడ్డొచ్చే చట్టం చెయ్యకూడదని రాజ్యాంగంలో రాసుంది కదా అన్నయ్యా?"

"రాసిందొక్కటే చూస్తే ఎలాగే? ప్రభుత్వం నిలబడటానికి ఏం కావాలో అదీ అందులో ఉన్నట్టే."

"లేనిదీ ఉన్నట్టే అయితే ఇక రాసుకోవడం దేనికి? కాగితం దండగ!"

"మొగుడి నోరు నీకూ వచ్చిందే! సరే, మావాళ్ళలా టోపీకి నల్ల రిబ్బను పువ్వు పెట్టుకుని నా ముందుకు రమ్మను. వదిలేస్తాను."

ఆ పువ్వుని మొగుడి టోపీకి ఊడిపోకుండా రెండు పేటల దారంతో కుట్టింది పిచ్చి తల్లి. జైల్లో ఆసహెల్ ఆ టోపీ చూసి మొహం తిప్పుకున్నాడు.

"ఇది పెట్టుకుని ఊళ్ళో తలెత్తుకోగలనా?"

"ముందు బతికుండవయ్యా! నీకు దండం పెడతాను."

దగ్గుతూనే పెట్టుకున్నాడు, ఆమె కోసం. పైకప్పు లేని బండిలో ఊరి మధ్యనుంచి తీసుకెళ్ళారు. అందరూ చూశారు.

"బుద్ధొచ్చిందన్నమాట. నీతో స్తంభం ఎత్తినవాళ్ళ పేర్లు చెప్పు," అన్నాడు ఎలిఫలెట్.

"ఆ మాట ముందు అనలేదుగా బావా?"

"అనలేదు. అందులో ఉన్నట్టే."

ఆసహెల్ ఒక్క పేరూ చెప్పలేదు. బండి వెనక్కి తిరిగింది.

ఆ రోజు నుంచి జైలుకి కట్టెలూ రొట్టెలూ పంపే స్నేహితులు మానేశారు. మెహిటబెల్ ఇల్లిల్లూ తిరిగింది. "మీ పేర్లు దాచడానికేనయ్యా లోపల చస్తున్నాడు!"

"టోపీ కళ్ళారా చూశాంలే వదినా," అని తలుపులేసుకున్నారు. వాళ్ళ మొహాలు మండ!

ఫిబ్రవరిలో ఆసహెల్ పోయాడు. పెట్టె మొయ్యడానికి ఇటువాళ్ళూ రాలేదు, అటువాళ్ళూ రాలేదు. మెహిటబెల్ మంచులో బండి పక్కన నిలబడి, పెట్టె మీది టోపీకున్న ఆ పువ్వు పీకెయ్యాలని చూసింది. చేతులు కొంకర్లు పోయాయి. రెండు పేటల దారం, తెగలేదు.