జహంగీర్ భాయ్ ఇంజన్, మా పొడుగు స్కేలు

కరోనా తగ్గిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే వేళకు నేను పటాన్‌చెరు దగ్గర ఒక పోత కర్మాగారంలో పాటర్న్ షాపు ఫోర్‌మన్‌ని. పాటర్న్ అంటే చెక్క నమూనా. దాన్ని ఇసుకలో అదిమి అచ్చు తీసి, అందులో కరిగిన లోహం పోస్తారు. చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోతుంది కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దదిగా చెయ్యాలి. అందుకే మా స్కేళ్ళు మామూలు వాటికన్నా రవ్వంత పొడుగు. రెండు రకాలూ కలిసిపోతే కొంప మునుగుతుందని, మామూలు స్కేలు షాపు గడప తొక్కకూడదని నేనే ఆర్డరు వేశాను.

ఆ ఏడే మా సైడింగు, అంటే ఫ్యాక్టరీ లోపలి రైలు దారి, మూతపడింది. సరుకంతా లారీలకెక్కింది. వ్యాగన్లు లాగే చిన్న డీజిల్ ఇంజన్‌ను తుక్కు కింద అమ్మేశారు. దాని డ్రైవర్ జహంగీర్ భాయ్‌కి ఆ నెలాఖరుకే రిటైర్మెంట్. పాత ఇంజన్ల చరిత్ర సేకరించే బృందం ఒకటి ఫొటోలకు వచ్చి, ఇంజన్‌ను అమ్మకుండా గుర్తుగా గేటు ముందు నిలపమని మేనేజ్‌మెంట్‌ను బతిమాలింది. కుదరదన్నారు. జహంగీర్ భాయ్ నా దగ్గరికొచ్చి, "నేను పోయే రోజుకు నా బండి ఉండది సార్. ఖాళీ పట్టాలు సూసుకుంట పోవాల్నా?" అన్నాడు. చిన్నదైనా సరే, అలాంటి బండే, నడిచేదే చేసిస్తామని మాటిచ్చేశాను.

ఆ బృందంలోని సుజాత గారు బ్యాంకు ఉద్యోగి. కిష్టారెడ్డిపేటలో ఆవిడ పడగ్గది నిండా రైళ్ళే. మంచం హాల్లోకి వచ్చేసింది. బొమ్మలంటే ఊరుకోరు, మోడళ్ళనాలి. పట్టాలు, పెట్టెలు తానే తెస్తానని, పట్టాల మధ్య ఎడం ఎంతో చెప్పారు. మా వాళ్ళు భోజనాల విరామంలో కూర్చుని చెక్కతో పైభాగం చెక్కారు, చక్రాలు పోతపోశారు, లోపల బ్యాటరీ మోటారు బిగించారు.

వీడ్కోలు సభకు ముందురోజు క్యాంటీన్‌లో ట్రయల్ వేస్తే ఇంజన్ పట్టాల మీద కుదురుకోనంది. చక్రాల లోపలి అంచులు పట్టాల మధ్యకు దిగాలి. ఒకవైపు దిగితే రెండోవైపు పట్టా మీదే కూర్చుంటోంది. నాకు ఒళ్ళు మండి, మీ పట్టాల్లోనే తేడా ఉందన్నాను. సుజాత గారు తన పెట్టె ఒకటి పెట్టి తోశారు. అది నున్నగా వెళ్ళిపోయింది. అప్పుడు బ్యాగులోంచి తన స్కేలు తీసి మా స్కేలు పక్కన పెట్టారు. మాది రవ్వంత పొడుగు. చక్రాలు పోతపోసినవి కనుక కుంచించుకుని సరిగ్గానే వచ్చాయి. చక్రాల మధ్య ఎడాన్ని నిర్ణయించే ఇరుసులు మాత్రం కోసిన ఉక్కు కడ్డీలు. అవి కుంచించుకోవడం ఎక్కడిది? వాటినీ మా స్కేలుతోనే కొలిచాం. షాపులో మరొకటి ఉంటేగా!

పట్టాలు కాస్త ఎడం చేద్దామన్నారు మా వాళ్ళు. అలా చేస్తే తన పెట్టెలు పడిపోతాయని సుజాత గారు ససేమిరా అన్నారు.

"షోకేస్‌ల పెట్టుకుంట సార్, పరేషాన్ గాకుండ్రి" అన్నాడు జహంగీర్ భాయ్.

"నడవని బండికి డ్రైవరెందుకు భాయ్? రేపు నడిచి తీరాలి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే లేత్ మీద కొత్త ఇరుసులు తిప్పించాం, సుజాత గారి స్కేలు కొలతతో. నా ఆర్డరు నేనే దాటి, దాన్ని జేబులో పెట్టుకుని షాపులోకి తెచ్చాను.

సభలో దండలు వెయ్యడం అయ్యాక, జహంగీర్ భాయ్ వెంటనే స్విచ్ వెయ్యనివ్వలేదు. రోజూ బండి కదిలించే ముందు చుట్టూ తిరిగి, ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టి, పగులుందేమోనని శబ్దం వినడం అతని పద్ధతి. ఇప్పుడు బల్ల చుట్టూ తిరిగి, స్కూటర్ తాళంచెవితో ఒక్కో చక్రాన్నీ తట్టి, వంగి విన్నాడు. తర్వాత, "ఇగ పోనియ్యుండ్రి" అన్నాడు. ఇంజన్ పెట్టెలను లాక్కుంటూ మలుపు తిరిగి వచ్చి అతని ముందే ఆగింది. "వచ్చింది నా బండి!" అని గట్టిగా నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

అసలు ఇంజన్‌ను ఆ వారమే గ్యాస్ కటర్లతో ముక్కలు చేశారు. మామూలు స్కేలు మీద నిషేధం నేను ఎత్తెయ్యలేదు. అది సరైన ఆర్డరే. దాని కింద ఒక్క వాక్యం చేర్చాను, నేను రిటైరయ్యేదాకా అది షాపు తలుపు మీదే ఉంది: పోతపొయ్యని వస్తువును ఇక్కడ కొలవరాదు.