విక్టర్ వాపసిచ్చిన పుస్తకాలు

నారాయణఖేడ్ నుంచి హైదరాబాదు పోయే బస్సుకు నేను డ్రైవరును, విక్టర్ నా కండక్టరు. మనిషి మంచివాడే. కానీ రెండువేల ఆరులో, ఆ వానాకాలం, నా తల ప్రాణం తోకకు తెచ్చాడు.

అతని బిడ్డ క్రిస్టీనాకు పట్నం కాలేజీలో కంప్యూటర్ ఇంజినీరింగు సీటొచ్చింది. అప్పటికి ఆ పిల్ల కంప్యూటరును ముట్టి ఎరగదు. పట్నం పిల్లల మధ్య తెల్లమొహం వేసుకుని కూర్చోనని, ముందుగా చదువుకోవడానికి ఒక్క పుస్తకమైనా తెచ్చిస్తేనే పోతానని, లేకుంటే ఊళ్లోనే డిగ్రీలో చేరతానని తేల్చి చెప్పింది. మొండిది, అన్నంత పనీ చేస్తుంది.

ఇదేమైనా బ్రహ్మవిద్యా? కోఠిలో పాత పుస్తకాలు కుప్పలు పోసి అమ్ముతారు. విక్టర్ ఒకటి తెచ్చాడు. తిరుగు ప్రయాణంలో టికెట్లు కొట్టడం అయిపోగానే నా వెనక సీట్లో కూర్చుని, పెదవులు కదుపుతూ మొదటి పేజీ చదివాడు. మళ్లీ చదివాడు. మరుసటి ట్రిప్పులో దాన్ని వాపసిచ్చి ఇంకొకటి తెచ్చాడు. అదీ వాపసు. లావుది తెచ్చాడు, సన్నది తెచ్చాడు, బొమ్మలున్నది తెచ్చాడు. బస్సెక్కిన కాలేజీ పిల్లలందరినీ ఏది మంచిదని అడిగాడు. తలా ఒక పేరు చెప్పారు. అవన్నీ వచ్చాయి, అవన్నీ పోయాయి. ఈయన బేరాలు తెమిలేదాకా బస్సు కదలదు, ప్రయాణికుల తిట్లు తినేది నేను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వనట్టుంది వ్యవహారం. అక్కడ పిల్లేమో, నాయినకు తనను పంపడమే ఇష్టం లేదనుకుని మాట్లాడటం మానేసింది. నీ పరేషాన్ ఏందిరా అని గట్టిగా అడిగాను. ఒక్క పుస్తకమూ తనకు అర్థం కావడం లేదన్నాడు. తండ్రికే అర్థం కానిదాన్ని బిడ్డ చేతిలో పెట్టి బెదరగొట్టాలా అన్నాడు. పదో తరగతి గట్టెక్కడానికే ఏండ్లు పట్టినవాడు! నేను నెత్తి కొట్టుకున్నాను.

కాలేజీలో చేరడానికి ఇక ఒక్కరోజే ఉందనగా, పట్నంలో పుస్తకం తానే కొనుక్కుంటానని క్రిస్టీనా మా బస్సే ఎక్కింది. నాయిన ఒళ్లో పుస్తకం చూసి అది ఎవరిదని అడిగింది. విక్టర్ దాన్ని టికెట్ల సంచి కిందికి తోశాడు. నేను ఊరుకుంటానా, ఉన్నదంతా చెప్పేశాను. పిల్ల తండ్రిని కడిగేస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"నాయినా, గవి నీకే సమజైతే, ఇగ నేను పట్నం పోయి సదువుడెందుకు?"

విక్టర్ పుస్తకం ఇచ్చేశాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని చదువుతుంటే ఆగలేక వంగి చూశాడు.

"సమజైతుందా బిడ్డా?"

"ఇంక కాలే. గందుకే గద పోవుడు."

అంతే. ఇగ మనిషిని పట్టలేకపోయాం. జోగిపేటలో ఎక్కినవాళ్లందరికీ, అడగకపోయినా, టికెట్టుతోపాటు అదే చెప్పాడు. "ఈ పుస్తకం నాకు సమజ్ కాలే. మా బిడ్డకు గూడ సమజ్ కాలే. రేపు కాలేజీకి పోతున్నది."