పూర్తి జవాబు

బత్తాయి తొక్క ఒలుస్తుంటే చిమ్మే ఆ చేదు వాసన తగిలితే చాలు, నాకు ఇప్పటికీ నోట్లోకి ఇంగ్లీషు వస్తుంది. మొన్న హాలియా బస్టాండులో పక్కన కూర్చున్నామె కాయ ఒలుస్తుంటే అదే జరిగింది. విమల టీచర్ చనిపోయి చాలా కాలమైంది. ఆమె వేళ్లకు ఎప్పుడూ ఈ వాసనే ఉండేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు పెళ్లయింది. పెళ్లికొడుకు మా అమ్మ సొంత తమ్ముడు. మా వైపు మేనమామకిచ్చి చేయడం కొత్తేమీ కాదు. పిల్ల పరాయి ఇంటికి పోలేదని అందరూ సంతోషిస్తారు. అప్పటికే విదేశంలో ఉద్యోగం చేస్తున్న మామ, పెళ్లయిన కొద్దిరోజులకే తిరిగి వెళ్లిపోయాడు. నేను వెళ్లాలంటే భార్య వీసా రావాలి. దానికి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి, మాది నిజమైన పెళ్లేనని అక్కడి అధికారులను నమ్మించాలి. తెలుగు మీడియంలో డిగ్రీ ఈడ్చుకొచ్చిన నన్ను అమ్మ తీసుకెళ్లి, రిటైరై మా వీధిలోనే ఉంటున్న విమల టీచర్‌కు అప్పగించింది.

ఆమెది మెత్తని స్వభావమేమీ కాదు. బత్తాయిలు ముందేసుకుని కూర్చునేది. ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు చెబితేనే ఒక తొన చేతిలో పెట్టేది. అవును, కాదు అని తప్పించుకుంటే ఆ తొన తనే తినేసేది.

"నసుగుడు బంద్ చెయ్యి. అడిగినోళ్ల మొఖం జూసి మొత్తం చెప్పు," అనేది. "ఆడోళ్లకు సగం మాట మింగుడే నేర్పిర్రు. గందుకే మన మాటకు ఇలువ లేదు."

మా ఇంట్లో నన్ను ఎవరూ మాట పూర్తి చేయనిచ్చింది లేదు. అందుకేనేమో, ఆ తొనల కోసం కాకపోయినా ఆమె దగ్గరికి పరిగెత్తేదాన్ని. పరీక్ష పాసయ్యాను.

ఇంటర్వ్యూలో అద్దం వెనక కూర్చున్న అధికారి, మీ ఆయన మీకు ఎలా పరిచయం అని అడిగాడు. నాకు లోపల నవ్వొచ్చింది. మా పెళ్లి నిజమైనదని నమ్మించడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? తలెత్తి అధికారి ముఖం చూస్తూ చెప్పాను: మా ఆయన మా అమ్మ సొంత తమ్ముడు, పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు, చిన్నప్పుడు నన్ను భుజాల మీద మోసేవాడు అని. అధికారి టైపు చేయడం ఆపి మళ్లీ అడిగాడు. సరిగా వినబడలేదేమో అనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పాను.

వీసా రాలేదు. ఆ దేశపు చట్టంలో మేనమామకు, మేనకోడలికి జరిగింది పెళ్లే కాదట. ఏళ్ల తరబడి అక్కడ ఉన్న మనిషికి ఈ ముక్క తెలియదంటే నేను ఇప్పటికీ నమ్మను.

టీచర్ దగ్గరికి వెళ్లి కోపమంతా ఆమె మీదే కక్కాను. "మీరు మొత్తం చెప్పుమన్నరు. చెప్పిన."

ఆమె ఒలుస్తున్న కాయ పక్కన పెట్టింది. "నాకూ తెల్వకపాయె బిడ్డా," అంది. "తెలిసినా దాచుమని చెప్పకపోదును. అబద్ధంతోని పోతే జిందగీ అంత దాన్ని మోసుడే."

"ఇప్పుడు నిజం మోస్తున్న. ఇదేమన్న తేలికున్నదా టీచర్?"

"తేలిక లేదు. నువ్వడిగినదానికి నా దగ్గర జవాబు లేదు," అంది. అదీ పూర్తి వాక్యంలోనే.

మామ తిరిగొస్తాడనుకున్నాం. ఉద్యోగం ఇడిచి ఎట్ల రావాలె అన్నాడు. ఫోన్లు తగ్గాయి. ఆ తరువాత అక్కడే ఒకామెను పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు ఏ అడ్డూ రాలేదు. ఆ దేశం దృష్టిలో ఆయన అప్పటిదాకా బ్రహ్మచారే. ఇక్కడ నా మెడలో పుస్తెలతాడు మాత్రం అలాగే ఉంది. అమ్మ వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్‌లో తమ్ముడి బాగోగులు అడుగుతుంది. నాకు వినబడదనుకుంటుంది.

బస్టాండులో ఆ బత్తాయిల ఆమె నా పుస్తెలు చూసి, ఒక తొన నా చేతిలో పెట్టి, "మీ ఆయన ఏం జేస్తడమ్మా?" అని అడిగింది. ఎవరన్నా అడిగితే ఊళ్లో లేడని చెప్పమంటుంది అమ్మ. నేను ఆమె ముఖం చూశాను.

"మా ఆయన మా అమ్మ తమ్ముడు. నన్ను చేసుకున్నంక వేరే దేశంల ఇంకొకామెను చేసుకున్నడు. ఆ దేశపోళ్లు మాది పెండ్లే కాదన్నరు. మా అమ్మ ఇంకా ఆయనతోని మాట్లాడతది. నేను మాట్లాడ."

ఆమె తల దించుకుంది. నేను తొన నోట్లో వేసుకున్నాను.