ఏడో ఎక్కం రాని పెద్ద పంతులు

మా పెద్ద పంతులు పోయారని చేవెళ్ల అంగట్లో మిరపకాయలు బేరం చేస్తుండగా తెలిసింది. చెప్పింది మా పాత ఊరి మనిషి. "మొన్ననే మట్టిచేసినం సారూ. నీకు కబురు పంపుడు మరిచిపోయినం," అన్నాడు. నేను మిరపకాయలు కొనకుండానే ఇంటికి వచ్చాను.

మొయినాబాద్ అవతల ఒక పల్లెలో మిషన్ బడి ఉండేది. ఆయన పెద్ద పంతులు, నేను చిన్న పంతులు. మూడో పంతులు లేడు. బడి వెనక రెండు గదుల ఇల్లు ఆయనకు ఉద్యోగంతో పాటు వచ్చింది. భార్యాపిల్లలతో అందులోనే ఉండేవారు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి ఒకటే. బోర్డు మీద కావాలని తప్పు రాసి, ఏమీ ఎరగనట్టు నిలబడేవారు. "తప్పు పంతులూ!" అని పిల్లలు మీదపడేవారు. "నాకెట్ల తెలుస్తది బిడ్డా, నువ్వొచ్చి దిద్దు," అనేవారు. ఇదేం పద్ధతని నేనొకసారి అడిగితే, "తప్పు పట్టెటోడు కునుకు తియ్యడు," అన్నారు. నా తరగతిలో సగంమంది కునుకుతూ ఉండేవారు. తర్వాత నేనూ ఆ పద్ధతి పట్టాను. కావాలని తప్పు రాయవలసిన అవసరం నాకు ఎక్కువగా రాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా మొదలుకాని రోజుల్లో మిషన్ వాళ్లు కొత్త నియమం పెట్టారు. ట్రైనింగ్ సర్టిఫికెట్ లేని పంతులు బడిలో ఉండరాదు. ఇద్దరం కూరగాయల బండెక్కి పట్నం పోయాము. పెద్ద పంతులుకు మీసం నెరిసింది. మాకు నేర్పే సారుకు మీసం ఇంకా సరిగా మొలవలేదు. మొదటి రోజు సుద్దముక్క ఎట్లా పట్టుకోవాలో నేర్పాడు. పెద్ద పంతులు శ్రద్ధగా నేర్చుకున్నారు. "ఇరవై ఏండ్ల సంది ఉల్టా పట్టుకుంటున్న," అని నా చెవిలో అన్నారు.

పాఠానికి ముందు నోటుబుక్కులో ఒకవైపు పంతులు అడిగే ప్రశ్న, ఇంకోవైపు పిల్లలు చెప్పబోయే జవాబు రాయాలి. ఆయన రెండోవైపు ఖాళీగా వదిలేశారు.

"జవాబులేవి?" అన్నాడు సారు.

"ఇంక అడగలేదు గద సారూ."

"ముందే రాయాలె."

"ముందే తెలిస్తే పిల్లలను సతాయించుడెందుకు?"

చివర్లో ఒక పట్నం బడిలో పాఠం చెప్పి పరీక్షలో నెగ్గాలి. నేను నోటుబుక్కులో రాసుకున్నది ఉన్నదున్నట్టు అప్పజెప్పి గట్టెక్కాను. పెద్ద పంతులు తన అలవాటు కొద్దీ బోర్డు మీద ఏడెనిమిదులు యాభై నాలుగు అని రాసి తిరిగి చూశారు. ఎవరూ కదల్లేదు. దగ్గారు. తల గోక్కున్నారు.

"సరిగ్గనే ఉన్నదా?"

"ఉన్నది సార్!" అన్నారు నలభైమంది చేతులు కట్టుకుని.

ఆయన కంగారుపడి ఏడు తొమ్మిదులు అరవై అని రాశారు. అదీ ఉన్నదన్నారు. పలకల మీద చక్కగా ఎక్కించుకున్నారు కూడా. సారు తన కాగితం మీద, "ఏడో ఎక్కం రాదు," అని రాసుకున్నాడు.

నెల తర్వాత పెద్ద పంతులు సొంత బడికే వచ్చి ఇంకోసారి చూస్తామన్నారు ట్రైనింగ్ వాళ్లు. అప్పుడూ తప్పితే ఉద్యోగం పోతుంది. ఇల్లు ఖాళీ చేయాలి. ఆ నెలంతా ఆయన భార్య ఒకే మాట చెప్పింది. "ఒక్కనాడన్న అన్నీ వచ్చినట్టు కనవడరాదూ?" ఆయన సరేనన్నారు. అన్నం సరిగా తినడం లేదని ఆమె నాతో చెప్పి బాధపడింది.

సారు వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పెద్ద పంతులు ఏడెనిమిదులు యాభై ఆరు అని రాశారు. పిల్లలు బోర్డును అనుమానంగా చూశారు. ముందు వరుసలోంచి ఒక పిల్ల లేచింది.

"తప్పు పంతులూ!"

"ఏం తప్పు బిడ్డా?" ఆయన తను రాసింది మళ్లీ చూసుకున్నారు.

"ఏమో. నువ్వు రాసినవ్ గద, ఉంటది."

ఆ పిల్ల, లెక్కల కోసం మూలన పెట్టిన గంపలోంచి చింతగింజలు తెచ్చి నేల మీద ఎనిమిదేసి చొప్పున ఏడు వరుసలు పేర్చింది. మిగతావాళ్లు చుట్టూ మూగారు. ఒకడు లెక్క తప్పాడు, ఇంకొకడు వాణ్ని తిట్టాడు, మళ్లీ మొదలుపెట్టారు. వెనక నుంచి ఏమీ కనబడక సారు వచ్చి వాళ్ల మధ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. తనూ లెక్కపెట్టాడు. యాభై ఆరే వచ్చింది.

"ఈసారి సరిగ్గనే రాసినవ్ పంతులూ," అంది ఆ పిల్ల, చాలా నిరాశగా.

సారు నవ్వు ఆపుకోలేక నేల మీదనే చతికిలబడ్డాడు. కాగితం తీసి, అక్కడే తొడ మీద పెట్టుకుని, పాసని రాసి సంతకం చేసి ఇచ్చాడు. పెద్ద పంతులు దాన్ని చదవలేదు. నేరుగా వెనక కిటికీ దగ్గరికి నడిచారు. పొద్దుటి నుంచీ ఆయన భార్య ఆ గోడ అవతలే ఉందని నాకు అప్పుడే తెలిసింది. జొన్నపిండి అంటిన చెయ్యి ఒకటి ఊచల మధ్యలోంచి లోపలికి వచ్చింది. మరక అంటకుండా రెండు వేళ్లతో ఆ కాగితం కొస పట్టుకుని, మెల్లగా బయటికి లాక్కుంది.