అన్న బట్టలు

మా ఇంట్లో రెండేళ్లుగా పెద్దోడి బట్టలు చిన్నోడికి వెయ్యడం లేదు. ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర మూడు నాలుగు జవాబులు తయారుగా ఉండేవి. పెద్దోడు లావయ్యాడు, కొలతలు కుదరవు. చిన్నోడికి ఆ రంగులు నచ్చవు. పాతవన్నీ ఎవరికో ఇచ్చేశాం. అన్నీ అబద్ధాలే. పాతవి అలమరా పైఅరలో మూటకట్టి ఉన్నాయి.

పెద్దోడికి కండరాలు క్షీణించే జబ్బు. ఐదేళ్లప్పుడు బయటపడింది. ఇప్పుడు తొమ్మిదేళ్లు. గోడ పట్టుకుని నడుస్తాడు, మెట్లెక్కలేడు, ఇంకో రెండు మూడేళ్లలో చక్రాల కుర్చీ తప్పదు. చిన్నోడికి ఐదు. అన్నదమ్ములిద్దరికీ రావొచ్చు, వీడికీ రక్తపరీక్ష చేయించండి అని కుప్పంలో డాక్టరు చెప్పి రెండేళ్లయింది. నేను చేయించలేదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా నర్సును. పరీక్షలకు ఆలస్యం చేసిన తల్లుల మీద గయ్యిమని లేస్తాను. నా బిడ్డ చెయ్యి మాత్రం సూదికి ఇవ్వలేదు. చెప్పేటందుకే నీతులు అని ఊరికే అనలేదు.

ఈ దసరా సెలవులకు మా ఆయన ఒక బేరం పెట్టాడు. కుప్పం దగ్గర ఒక మామిడితోటలో టెంట్లు అద్దెకిస్తున్నారట. శని, ఆదివారాలు అక్కడ ఉందాం, సోమవారం పొద్దున్నే అటునుంచటే చిన్నోడి పరీక్షకు ఆసుపత్రికి పోదాం అన్నాడు. టెంటులో పడుకోవాలన్నది పెద్దోడి కోరిక. ఫోనులో ఆ వీడియోలే చూసి చూసి మా ప్రాణం తీశాడు. కాళ్లు ఆడుతున్నప్పుడే వాడి ముచ్చట తీర్చాలని మాకూ ఉంది. నేను టెంట్లకు ఒప్పుకున్నాను. సోమవారానికి కూడా ఒప్పుకున్నానని ఆయన అనుకున్నాడు.

శుక్రవారం బట్టలు సర్దాను. పెద్దోడి బ్యాగు సర్దడానికి ఆలోచించే పనే లేదు. నడుముకు ఎలాస్టిక్ ఉన్న ప్యాంట్లు, జిప్పుతో కుస్తీ పడుతుంటే బాత్రూముకు చేరేలోపే పని అయిపోతుంది కాబట్టి. రెండు సైజులు పెద్దవి, మెడ వెడల్పుగా ఉండే టీషర్టులు, ఎందుకంటే మాత్రలకు వాడి ముఖం, పొట్ట ఉబ్బిపోయాయి, చేతులు తల మీదికి ఎత్తడం కష్టం. లేసుల్లేకుండా అంటించుకునే బూట్లు. రాత్రిపూట కాళ్లకు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, అవి ఒరుసుకోకుండా పొడుగు సాక్సులు. టూరుకు పోయే పిల్లోడి బ్యాగులా లేదది, వార్డుకు పోయే పేషెంటు బ్యాగులా ఉంది.

చిన్నోడిది వేరే బ్యాగు. అందులో ప్రతి గుడ్డా కొత్తది. ఆరు గుండీల చొక్కాలు, జిప్పున్న జీన్సు, లేసుల బూట్లు. వాడి గుండీలు వాడే పెట్టుకుంటాడు. బడికి పోయే ముందు రోజూ ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఆరో గుండీ పడగానే ఆ రోజుకు నాకు ఊపిరి వచ్చేది. గుండీలు పెట్టేది వేళ్లు. ఈ జబ్బు మొదలయ్యేది తొడల్లో. నర్సుకు ఆ మాత్రం తెలియదా? తెలుసు. అయినా నేను వేళ్లే చూశాను.

"రెండు బ్యాగులు యాల? ఒకదాంట్లో తోసేస్తే పోదా?" అన్నాడు మా ఆయన.

"తడి బట్టలూ పొడి బట్టలూ కలిసిపోతాయి."

"ఇంకా బయల్దేరనే లేదు, తడి బట్టలు యాడ్నుంచి వచ్చినాయి?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

రెండు బ్యాగుల సంగతి మొదలైంది మా అత్త మాటతో. ఆమె ఉండేది పుంగనూరులో. పుట్టిన బిడ్డకు మొదట కొత్తబట్ట కట్టకూడదు, ఆరోగ్యంగా తిరిగే బిడ్డ పాతబట్ట కడితే ఆ ఆయుష్షు ఈ బిడ్డకు వస్తుందని ఆమె నమ్మకం. చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషే, కానీ దేని నమ్మకం దానిదే. చిన్నోడు పుట్టినప్పుడు వాడి ఒంటి మీద వేసిన మొదటి జుబ్బా పెద్దోడిదే. నాలుగేళ్ల పెద్దోడు అప్పుడు ఇల్లంతా తిరుగుతున్నాడు, తరచూ పడుతుంటే తొందరెక్కువని తిట్టేవాళ్లం. ఏడాది తిరక్కుండానే జబ్బు తెలిసింది. చిన్నోడికి మూడేళ్లప్పుడు, ఎప్పుడూ లేనిది అత్త నన్ను వంటింట్లోకి పిలిచింది.

"వాడి బట్టలు వీడికి ఎయ్యొద్దమ్మా ఇంక. నా మాట ఇను."

"అత్తా, జబ్బు గుడ్డల్లో ఉండదు. నేను చదువుకున్నదాన్ని" అని గట్టిగానే అన్నాను. ఇంటికొచ్చి ఆ రాత్రే పెద్దోడి పాతబట్టలన్నీ మూటకట్టి పైఅరకు ఎత్తాను. చదువు చదువే, భయం భయమే.

శనివారం పుంగనూరులో ఆగి అత్త దగ్గర భోజనం చేశాం. పిల్లలకని మురుకులు పెట్టడానికి ఆమె చిన్నోడి బ్యాగు తెరిచింది. పైనుంచి కిందిదాకా తడిమి చూసింది.

"మంచి పని సేసినావమ్మా. ఎవురివి వాళ్లకుండాల" అంది మెల్లగా.

ఒళ్లు మండిపోయింది నాకు. ఆమె మీద కాదు, దొరికిపోయినందుకు. 

తోట బాగుంది. అలా రాయడానికి కూడా ఇప్పుడు మనసు రావడం లేదు, కానీ బాగుంది. నీలం టెంటును పెద్దోడు చుట్టూ తిరిగి తడిమి చూశాడు. లోపలికి వాణ్ణి వాళ్ల నాయన ఎత్తుకుని దించాడు. లోపల పడుకుని "మ్మా, ఆకాశం నీలం గుడ్డ మాదిరి ఉండాది" అని అరిచాడు. అది గుడ్డేరా అని తమ్ముడు ఎగతాళి చేశాడు. ఒక గంట మేమూ అందరిలాంటి మనుషులమే అయ్యాం.

నాలుగింటికి వాన పట్టుకుంది. పిల్లల్ని టెంటులోకి చేర్చే హడావిడిలో ఒక బ్యాగు చెట్టు కిందే ఉండిపోయింది. చిన్నోడిది. మరిచిపోయింది నేనే. వాన నిలిచాక తెరిస్తే ఆరు గుండీల చొక్కాల నుంచి నీళ్లు కారుతున్నాయి. వాడు ఒంటి మీది తడి చొక్కాతో వణుకుతున్నాడు.

"నాది ఇయ్యి మ్మా. నాకు ఇంకా రెండుండాయి గదా" అన్నాడు పెద్దోడు.

కారులో టవలుంది, అది చుడదామన్నాను. మా ఆయన నా ముఖం వైపు వింతగా చూశాడు. వేరే దారి లేక పెద్దోడి పసుపుపచ్చ టీషర్టు చిన్నోడికి వేశాను. మోకాళ్లదాకా వచ్చింది. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకుని, "అన్నది! అన్నది!" అని గంతులేశాడు. గంతులని నేననుకున్నాను గానీ వాడి పాదాలు నేల విడవలేదు. ఆ సంగతి మరునాటిదాకా నా బుర్రకెక్కలేదు.

ఆదివారం పొద్దున చర్చికి పోలేదు కాబట్టి అక్కడే ప్రార్థన చేద్దామన్నాడు మా ఆయన. తడి నేల మీద టార్పాలిన్ పరిచి కూర్చున్నాం. పెద్దోడు మాత్రం ప్లాస్టిక్ కుర్చీలో. ఇంట్లో మేము నేల మీద కూర్చుని ఏళ్లయింది. వాడికి కష్టమని తిండి టేబుల్ మీద, ప్రార్థన సోఫాల్లో, చదువు కుర్చీల్లో. చిన్నోడు నేల మీదినుంచి ఎలా లేస్తాడో చూసే అవసరం రాకుండా ఇల్లంతా సర్దుకున్నాను. పెద్దోడి కోసమే అని చెప్పుకునేదాన్ని.

మా ఆయన ఆమెన్ అన్నాడు. నేను కళ్లు తెరిచాను.

పసుపు టీషర్టు ముందుకు బోర్లా తిరిగింది. చేతులూ కాళ్లూ నేలకు ఆనించి పిర్రలు పైకెత్తింది. ఒక చెయ్యి మోకాలి మీదికి, రెండోది రెండో మోకాలి మీదికి, తర్వాత తొడల మీదికి. తన ఒంటినే తాను పాకుతూ ఎక్కినట్టు నిలబడింది. నాలుగేళ్లుగా చూస్తున్న పెద్దోడి లేవడమే. పెద్దోడు ఈ మధ్య బాగానే లేస్తున్నాడే అనుకున్నాను, నిజంగా అలాగే అనుకున్నాను. తల తిప్పితే పెద్దోడు కుర్చీలో ఉన్నాడు.

"అన్నను సూసి అట్ల సేస్తాండాడులే" అన్నాడు మా ఆయన. ఆయన గొంతు ఆయనకే నమ్మకంగా లేదు.

ఆ మాటను నేను రెండు చేతులా పట్టుకున్నాను. నిజమే, పిల్లలు చూసిందే చేస్తారు.

"నాయనా, మళ్లీ కూసో. అన్న మాదిరి కాదు. మామూలుగా లెయ్యి" అన్నాను.

వాడు బుద్ధిగా కూర్చున్నాడు. బోర్లా తిరిగాడు. పిర్రలెత్తి, మోకాళ్లు పట్టుకుని, తొడలు పట్టుకుని లేచాడు. లేచి నా వైపు చూసి, ఏం తప్పు చేశానన్నట్టు, "ఇదే గదా మ్మా మామూలుగా" అన్నాడు.

అత్తకు తెలిస్తే టీషర్టు వల్లే అంటుంది. నిజంగా టీషర్టు వల్లే అయితే ఎంత బాగుండు. విప్పి పారేసేదాన్ని. మొదటి రోజే డాక్టరు కాగితం మీద గీతలు గీసి చెప్పాడు, ఇది ఎక్కువగా తల్లి నుంచే మగపిల్లలకు వస్తుందమ్మా అని. గుడ్డలు వేరుచేసి, బ్యాగులు వేరుచేసి, ఇద్దరినీ ఒకే కడుపున మోసినదాన్ని నేనే కదా.

మా ఆయన లేచి కారు వైపు నడిచాడు. ఏడవడానికి పోయాడని తెలుసు. చిన్నోడు అన్న కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. పెద్దోడు వాడి తల మీద చెయ్యి వేసి, నన్ను చూడకుండా అన్నాడు.

"వాడు అట్లనే లేస్తాడు మ్మా. నువ్వు ఏడుస్తావని నేను సెప్పలా."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఎండాకాలం లీవులప్పట్నుంచి."